అతిథి సంచి

రాగ్నా ముందుగదిలో నేల మీద మనుషుల్ని పడుకోబెడుతోంది.

నిజం మనుషులు కాదు, బట్టలు. కుర్చీలన్నీ గోడకు జరిపి, చాప చుట్టి మూల నిలబెట్టి, కొడుకు ఐవిన్‌వి పొడుగాటి ఉన్ని లోపలి లాగులు ముందు పరిచింది. వాటి పైన ఉన్ని చొక్కా, చేతులు బార్లా చాపి. దాని మీద స్వెట్టరు, దాని మీద గాలి చొరని అంగీ. కాళ్ల దగ్గర మేజోళ్లు, తల దగ్గర టోపీ. పక్కన మనవరాలు తిరిల్ చిన్న బొమ్మలా పడుకుంది. ఆ పక్కన రాగ్నా తనే, పొట్టిగా, వెడల్పుగా, మోచేతుల దగ్గర అతుకులతో.

యోరున్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె చేతుల్లోనూ మడతపెట్టిన ఉన్ని బట్టలున్నాయి. ఆకురాలే కాలంలో ఐవిన్‌తో కలిసి ఉండడానికి ఈ ఇంటికి వచ్చింది. శీతాకాలం సెలవులకు అందరితో కలిసి కొండ మీది కొయ్యింటికి వెళ్లడం ఇదే మొదటిసారి.

"నావి ఎక్కడ పరవమంటారు?"

రాగ్నా తలెత్తి నవ్వింది. "నీకెందుకమ్మా ఈ నేల మీద పాట్లు. మీ గదిలో మంచం మీద పెట్టుకో. అతిథి సంచి దించి ఇస్తాను."

ఆ మాటలో వంక పెట్టడానికేమీ లేదు. రాగ్నా మాటల్లో ఎప్పుడూ ఉండదు. యోరున్ బట్టలు పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

చూడకుండా పోవడం కష్టమే మరి. రాగ్నా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క బొమ్మను పాదాల నుంచి తడుముతూ పైకి పోతోంది. ఏమేం ఉన్నాయో కాదు ఆమె వెతికేది, ఎక్కడ లేదో. మేజోడు ఎక్కడ ఆగింది, లాగు ఎక్కడ మొదలైంది, నడుం దగ్గర వంగితే చొక్కా పైకి లేస్తుందా. చలి ఏ సందులోంచి దూరుతుందో ఆ వేళ్లకు తెలుసు. తిరిల్ బొమ్మ మణికట్టు దగ్గర ఆగి, స్వెట్టరు చేతిని కిందికి లాగి చూసి, "ఎప్పుడు పెరిగావే నువ్వు?" అంది బట్టలతో. సూది తీసి, పాత మేజోడు పైభాగం కత్తిరించి అక్కడే అతికేసింది.

పదమూడేళ్ల తిరిల్ వంటింట్లోంచి రొట్టె నములుతూ వచ్చి ఐవిన్ బొమ్మ మీంచి ఒక్క అంగలో దాటేసింది.

"మీ నాన్న మీంచి దాటకు."

"నాన్న ఆఫీసులో ఉన్నాడు నానమ్మా. ఇది లాగు."

"ఇదేమిటి?" రాగ్నా తిరిల్ బట్టల్లోంచి ఒక కాటన్ చొక్కాను రెండు వేళ్లతో, ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తింది.

"అది రాత్రి వేసుకోడానికి. బాగుంటుంది."

"చెమటకు తడుస్తుంది, ఆరదు, వీపుకంటుకుని చలేస్తుంది. చచ్చాక నీ శవం మీద బాగుంటుంది."

చొక్కా గాల్లో ఎగిరి సోఫా వెనకాల పడింది. తిరిల్ నవ్వింది. యోరున్‌కీ నవ్వొచ్చింది. తిరిల్ ఆమె వైపు చూసి నవ్వు ఆపేసుకుంది.

లేచేటప్పుడు రాగ్నా సోఫా మీద చెయ్యి పెట్టి, దాని మీది గుడ్డ సరిచేస్తున్నట్టు కాసేపు అలాగే ఉంది. గుడ్డ సరిగ్గానే ఉంది. అది యోరున్ చూసింది.

సాయంత్రం ఐవిన్ వచ్చి బూట్లు విప్పుతుండగానే రాగ్నా పిలిచింది. "చేతి తొడుగులు ఇచ్చేసుకుందాం, రండి."

ఈ ఇంట్లో ప్రతి ఒక్కరికీ చేతులకు వేసుకునేవి ఒక జత, దాచుకునేది ఒక జత. దాచుకునే జత ఎవరి సంచిలో వాళ్లు పెట్టుకోరు. ఎవరి చేత్తో వాళ్లు ఇంకొకరికి ఇస్తారు. నీళ్లలో పడితే నీతోపాటు నీ సంచీ తడుస్తుంది కదా అని రాగ్నా మొదలుపెట్టిన అలవాటు. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఐవిన్ చెప్పాడు. "మా నాన్నకు కొండెక్కితే కాళ్లు ఆగేవి కావు. అమ్మ ఆయన తొడుగులు తన సంచిలో పెట్టుకుంది. అప్పట్నుంచి మాలో ఎవరూ ఇంకొకళ్ల కనుచూపు దాటి పోలేదు."

ఐవిన్ తనవి తిరిల్‌కిచ్చాడు. తిరిల్ తనవి నానమ్మకిచ్చింది. రాగ్నా తనవి కొడుకు చేతిలో పెట్టింది. ముగ్గురూ ఒక గుండ్రం అయిపోయారు.

యోరున్ తన జత పట్టుకుని నిలబడింది. అవి ఆమె ఉత్తరాది ద్వీపం నుంచి తెచ్చుకున్నవి. తాత పడవలో వాడినటువంటివే. రెండింతలు పెద్దగా అల్లి, వేడినీళ్లలో రుద్ది రుద్ది అట్టలా బిగిసేదాకా ఉడికించిన ముతక తొడుగులు. ఒక్కోదానికి రెండు బొటనవేళ్లు.

తిరిల్ కళ్లు పెద్దవయ్యాయి. "మీ ఊళ్లో మనుషులకి రెండేసి బొటనవేళ్లా?"

"ఒక పక్క తాడు లాగి లాగి అరిగితే రెండో పక్కకి తిప్పి వేసుకుంటారు."

"చేప కంపు కూడా రెండు పక్కలా ఉందే!"

"తిరిల్!" అన్నాడు ఐవిన్. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఇంకో జత నీ సంచిలో పట్టదా?"

"పట్టకేం," అంది రాగ్నా. "కానీ అతిథులవి అతిథుల దగ్గరే ఉంటాయి. రేపు ఎటు పోవాలనిపిస్తే అటు పోవచ్చు వాళ్లు. మనం కట్టిపడెయ్యకూడదు." యోరున్ భుజం తట్టింది. "ఉంచుకోమ్మా. అంత బరువేం కాదులే."

అతిథి సంచి ఎర్రగా ఉండేదిట ఒకప్పుడు. ఇప్పుడు ఉతికిన ఇటుక రంగు. అడుగున ఒక గోధుమ రంగు మరక.

"అందులో ఒక జర్మన్ ఆయన చాక్లెట్ కరగబెట్టాడు," అంది తిరిల్. "నా చిన్నప్పుడు. తర్వాత ఒకావిడ వచ్చింది, దారి పొడుగునా ఏడ్చింది."

"తర్వాత?"

"తర్వాత ఎవరూ రెండోసారి రాలేదు."

ఆ సంచిలో యోరున్ బట్టలు, మంచు మీద కూర్చోడానికి ఒక దళసరి స్పాంజి ముక్క, ఒక నారింజ పండు. అంతే. ఎత్తితే చేతికి ఏమీ తెలియలేదు.

మర్నాడు వంటింట్లో రాగ్నా తిండి సర్దుతుంటే యోరున్ పక్కనే చేరింది. రోడ్డు మంచులో ఆగిపోయిన చోట కారు వదిలేస్తే, అక్కణ్ణుంచి కొయ్యింటి దాకా స్కీల మీదే. అక్కడ దుకాణం లేదు. తినేదంతా వీపు మీద పోవాల్సిందే. రాగ్నా ఓట్ల డబ్బాలో గుంటలు తవ్వి గుడ్లు ఒక్కొక్కటే పాతిపెడుతోంది, ఒకదానికొకటి తగలకుండా. గుడ్డు పగలదు, ఓట్లకు వేరే చోటు అక్కర్లేదు. కాఫీ కెటిల్‌లో మేజోళ్లు కుక్కింది. గిన్నెలో గిన్నె, అందులో చీజ్ గడ్డ, దాని చుట్టూ తిరిల్ రాత్రి టోపీ. నారింజలు గడ్డకట్టకుండా దళసరి మేజోళ్లలోకి జారిపోయాయి. ఆ వంటింట్లో ఉట్టి గాలి ఉన్న వస్తువంటూ మిగల్లేదు.

"బరువైనవి వీపుకు ఆనాలి, భుజాల మధ్య," అంది రాగ్నా తన బూడిదరంగు గుడ్డ సంచిలోకి గిన్నెలు దించుతూ. ఇనప చట్రం, తోలు పట్టీలు ఉన్న పాత సంచి అది. "దూరంగా ఉంటే వెనక్కి లాగుతాయి. రాత్రికి కావలసింది అడుగున. చేరగానే కావలసింది అన్నిటికన్నా పైన." పైన పెట్టింది: రేకు డబ్బాలో అగ్గిపెట్టె, సన్నగా చీల్చిన పుల్లల కట్ట. వాటి మీద తిరిల్ తొడుగులు.

"ఎంత బాగా సర్దుతారు," అంది యోరున్. అది మర్యాద కోసం అన్న మాట కాదు. తన ద్వీపంలో పడవ సర్దే మగవాళ్లను చూసింది. ఇంత ఆలోచన ఉన్న చేతులు వాళ్లలోనూ ఒకరిద్దరికే.

రాగ్నా మెడ కొంచెం ఎర్రబడింది. "అలవాటు."

"కెటిల్ నేను మోస్తాను."

"దాని చోటు ఇక్కడే."

"ఓట్ల డబ్బా?"

"పగిలిపోతే నీ మీద పడుతుంది నింద. ఎందుకు?"

"పోనీ చీజ్."

"నువ్వు హాయిగా నడువమ్మా. కొండలు చూస్తూ రా."

యోరున్ నారింజ వాసన చేతులతో బయటికి వచ్చింది. కొట్టంలో ఐవిన్ స్కీలను బల్ల మీద బోర్లించి, మంచులో పట్టు దొరికేందుకు నీలం మైనం రుద్దుతున్నాడు, కార్కు ముక్కతో పామి నున్నన చేస్తున్నాడు.

"నా సంచి తేలిగ్గా ఉంది," అంది.

"సంతోషించు. నాది ఎత్తి చూడు, నడుం విరుగుతుంది."

"ఈ లోయలో కుక్కకి కూడా దాని తిండి దాని వీపునే కడతారు ఐవిన్. పక్కింటివాళ్ల కుక్కని చూశాను."

అతను నవ్వాడు. ఆమె మొహం చూసి కార్కు ముక్క కింద పెట్టాడు. "అమ్మని నేను మార్చలేను యోరున్."

"మార్చమన్నానా? కొంచెం బరువు ఇప్పించమన్నాను."

అతను మళ్లీ మైనం అందుకున్నాడు. స్కీ మీద అతని చెయ్యి ఒకే చోట చాలాసేపు తిరిగింది.

ఆదివారం బరువు అలవాటు చేసుకోడం. సెలవులకు ముందు నిండు సంచులతో స్కీల మీద అడవి బాటలో ఒక చుట్టు తిరిగి రావాలి, ఎవరి పట్టీ ఒరుసుకుంటుందో ఇంటి దగ్గరే తెలియాలి అంటుంది రాగ్నా. మంచి ఎండ. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు అతుక్కునేంత చలి. ఐవిన్ ముందు, వెనక తిరిల్, ఆ వెనక యోరున్, అందరికన్నా చివర రాగ్నా.

ఎప్పటిలా రాగ్నాయే మాట్లాడుతూ వచ్చింది కొంతసేపు. తర్వాత ఆమె స్కీ కర్రల చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత అది కూడా దూరమైంది. యోరున్ ఆగి తిరిగి చూసింది. పొట్టి రూపం ఒకటి చెట్ల మధ్య నిలబడి కర్రల మీద వాలి ఉంది. చూస్తున్నారని తెలియగానే చెయ్యెత్తి విసురుగా ఊపింది, పొమ్మని. యోరున్ ఏం చెయ్యాలో తేల్చుకోలేక నెమ్మదిగా నడిచింది.

వంపు తిరిగిన చోట వాగుంది. పైన మంచు గట్టిగా కనిపిస్తోంది. ఐవిన్ దాటి ముందుకు పోయాడు. తిరిల్ అతని జాడ వదిలి అడ్డదారిన దాటబోయింది. మంచు లోపలికి కుంగింది. కాళ్లు ఒడ్డున ఇరుక్కున్నాయి, ముందుకు బోర్లా పడి రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్లలో పెట్టింది.

యోరున్ వెళ్లి సంచి పట్టుకుని వెనక్కి లాగింది. తిరిల్ ఏడవలేదు. తడిసిన తొడుగులు పీకి పారేసి చేతులు చంకల్లో దోపుకుంది. పెదాలు బిగించి "నానమ్మ! నా తొడుగులు నానమ్మ దగ్గరున్నాయి. నాన్నవేమో నా సంచిలో ఎక్కడో అడుగున పడ్డాయి," అంది. గట్టిగా అరిచింది. "నానమ్మా!"

అడవిలో ఎవరూ పలకలేదు. ముందున్న ఐవిన్‌కి వినిపించలేదు. తిరిల్ వేళ్లు తెల్లబడుతున్నాయి. తన చేతులకున్నవి తీసి ఇద్దామన్నా అవీ తిరిల్‌ని లాగినప్పుడు తడిశాయి. యోరున్ భుజం మీంచి అతిథి సంచి దించి, ఒక్క లాగుతో తెరిచి, ముతక తొడుగులు తీసింది. తిరిల్ చేతులను ఒక్కొక్కటే తన స్వెట్టరు లోపల పొట్టకు అదిమి తడి తుడిచి, వాటిలోకి దూర్చింది. వేళ్లను పైనుంచి పట్టి పిసికింది.

"కదుపు. లోపల కదుపు వేళ్లు."

"కదలట్లేదు."

"తిట్టు నన్ను. తిడుతూ కదుపు."

"చేప కంపు," అంది తిరిల్. పళ్లు టకటకలాడుతున్నాయి. "చచ్చిన చేప కంపు. కుళ్లిన చేప. మీ ఊరంతా చేప కంపు."

"ఆఁ, ఇంకా."

"మంటగా ఉంది."

"మంట మంచిదే. రానీ."

తిరిల్ కళ్లల్లోంచి అప్పుడు నీళ్లు కారాయి, వేళ్లలోకి ప్రాణం వస్తున్న మంటకు. యోరున్ చేతులు వదల్లేదు.

రాగ్నా వంపు తిరిగి కనిపించేసరికి ఇద్దరూ దళసరి ముక్క మీద కూర్చుని నారింజ తింటున్నారు. ఆ తొడుగులతో తిరిల్ పట్టుకోలేకపోతుంటే యోరున్ తొనలు నోట్లో పెడుతోంది. అరుపు విన్నట్టుంది రాగ్నా. దారిలోనే సంచి విప్పి పొడి తొడుగులు తీసి చేత్తో పట్టుకునే వచ్చింది. ఊపిరి అందడం లేదు. ఒక కాలు ఈడుస్తోంది. తొడుగులు ముందుకు చాపి, మనవరాలి చేతులకున్న రెండు బొటనవేళ్ల వాటిని చూసి అలాగే ఆగిపోయింది.

"బానే ఉన్నా నానమ్మా," అంది తిరిల్.

రాగ్నా తల ఊపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక పొయ్యి పైన కడ్డీ మీద ముతక తొడుగులు ఆరడానికి వేలాడాయి. ఇల్లంతా రేవు వాసన. తిరిల్ అటు పోయినప్పుడల్లా ముక్కు మూసుకుని, రెండో చేత్తో వాటిని తిరగేసి పోయింది.

మర్నాడు యోరున్ పనినుంచి వచ్చేసరికి కుర్చీలు మళ్లీ గోడ దగ్గరున్నాయి. కట్టిన సంచులన్నీ విప్పేసి ఉన్నాయి. రాగ్నా నేల మీద కూర్చుని ఉంది.

"మళ్లీ పరుస్తున్నారా?"

"సరిగ్గా సర్దలేదు."

"ఎవరు?"

"ఇంకెవరు, నేనే." తల ఎత్తలేదు. "నీ బట్టలు పట్రా. మంచం మీద ఉంటే నాకెలా కనిపిస్తాయి?"

యోరున్ తెచ్చింది. తిరిల్ పక్కన ఖాళీ నేల మీద రాగ్నా వాటిని పరిచింది. పాదాల దగ్గర మొదలుపెట్టి వేళ్లతో వెతుక్కుంటూ పైకి పోయింది. నడుం దగ్గర ఆగింది. "పొట్టి చొక్కా. వంగితే వీపు బయటపడుతుంది. ఇన్నాళ్లూ చెప్పవేం?" తన పాత ఉన్ని పట్టీ ఒకటి తెచ్చి నడుం మీద పెట్టింది. నేల మీద ఇప్పుడు నలుగురు పడుకున్నారు. యోరున్ తన బొమ్మనే చూస్తూ ఉండిపోయింది. కొత్త చోట పడుకున్నా దానికి బెదురేమీ ఉన్నట్టు లేదు.

తర్వాత రాగ్నా తన బట్టలు చుట్టి ఎర్ర సంచిలో పెట్టుకుంది.

ఐవిన్ అప్పుడే లోపలికొచ్చాడు. "అమ్మా, అది అతిథులది."

"తెలుసు. కుట్టిందాన్ని నేను." మూతి బిగించింది. "తుంటి నొప్పిగా ఉంటోంది. పోయిన ఏడాదీ ఉంది. చెప్పలేదు. చెప్తే మీరు నాకీ సంచి ఇచ్చేసేవాళ్లు."

ఐవిన్ వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. బూడిదరంగు సంచిని రాగ్నా రెండు చేతులా యోరున్ వైపు తోసింది. కెటిల్, ఓట్లు, చీజ్, పుల్లల కట్ట వరుసగా పక్కన పెట్టింది.

"నువ్వే సర్దు. నేను చూస్తా."

యోరున్ సర్దింది. బరువైనవి వీపుకు ఆనించింది, చేరగానే కావలసింది పైన పెట్టింది. రాగ్నా రెండుసార్లు చెయ్యి చాపబోయి ఒళ్లో పెట్టేసుకుంది. మూడోసారి ఆగలేక కెటిల్‌ని ఒక్క వేలితో ఇటు తిప్పింది. "మూతి వీపుకు గుచ్చుకుంటుంది," అంది క్షమాపణలా.

చివర్న తిరిల్ తొడుగులు మిగిలాయి. రాగ్నా వాటిని తిరిల్‌కి తిరిగి ఇచ్చేసింది.

"నేను వెనకబడతాను. ఇవి నా దగ్గర ఉండకూడదు. ఎవరికి ఇస్తావో నీ ఇష్టం. నీ చేత్తో నువ్వే ఇవ్వాలి."

తిరిల్ తండ్రి వైపు చూసింది, యోరున్ వైపు చూసింది. తొడుగులు జేబులో పెట్టుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

బయల్దేరే రోజు పొద్దున, రోడ్డు ఆగిపోయిన చోట కారు దిగి అందరూ స్కీలు బిగించుకున్నారు. కొండ అంచున ఎండ అప్పుడే పడుతోంది. యోరున్ బూడిద సంచి వీపుకెత్తుకోబోతే ఒక్క క్షణం ఊపిరి ఆగింది. కాళ్లు తడబడ్డాయి. ఐవిన్ చప్పున రాబోయాడు.

"వదిలెయ్," అంది రాగ్నా. "అదే లేస్తుంది."

లేచింది. తోలు పట్టీలు రాగ్నా భుజాలకు అలవాటుపడి వంగి ఉన్నాయి. యోరున్ భుజాల మీద అవి కాసేపు కిర్రుకిర్రుమని, తర్వాత సర్దుకున్నాయి.

తిరిల్ దగ్గరికి వచ్చింది. ఎటో చూస్తూ, జేబులోంచి తొడుగులు తీసి చాపింది.

"నాన్న మరీ ముందు పోతాడు," అంది. "అందుకని."

"అందుకనే," అంది యోరున్. తీసుకోబోయి ఆగింది. "పైన పెట్టాలి. నువ్వే పెట్టు, నాకు చెయ్యి అందదు."

తిరిల్ ఆమె వెనక్కి వెళ్లి సంచి మూత తీసి తొడుగులు పెట్టి, మూత కట్టి, పట్టీ ఒకసారి గట్టిగా లాగి చూసింది, నానమ్మ లాగినట్టే.

రాగ్నా ఎర్ర సంచితో పక్కనే నిలబడి ఉంది. సంచి ఆమె వీపు మీద బెలూన్‌లా తేలుతోంది. యోరున్ వైపు చెయ్యి చాపింది.

"ఏమిటి?"

"నీవి. ఆ కంపువి. ఇటివ్వు."

యోరున్ అంగీ లోపలి నుంచి ముతక తొడుగులు తీసి ఇచ్చింది. రాగ్నా వాటిని వాసన చూసి మొహం చిట్లించి, తన బట్టల పైన, అన్నిటికన్నా పైన పెట్టుకుంది.

"జాగ్రత్త రాగ్నా," అంది తిరిల్, పేరు పెట్టి, కళ్లు చిలిపిగా. "అతిథులు ఏడవకూడదు. చాక్లెట్ కరగబెట్టకూడదు."

"పద పద, నోరు కాదు కాళ్లు కదుపు."

ఐవిన్ ముందు సాగాడు. తిరిల్ అతని జాడలోనే పోయింది. యోరున్ ఆమె వెనక. బరువుకు భుజాలు మండుతున్నాయి, ఆ మంట ఆమెకు ఇష్టంగా ఉంది. కొండ ఎక్కుతున్నకొద్దీ కాళ్లకు ఊపు దొరికింది. తిరిల్ వేగం పెంచింది. యోరున్ కూడా పెంచబోయింది.

మొదటి మలుపు రాగానే ఆగింది. తన తొడుగులు వెనక ఉన్నాయి. "తిరిల్, కొంచెం ఆగు," అని కేకేసి, కర్రల మీద ఆనుకుని తిరిగి చూసింది. కింద తెల్లటి దారంతా ఖాళీగా ఉంది. చూస్తూ నిలబడింది, నిలబడింది. చెట్ల మధ్య నుంచి ఒక ఇటుక రంగు చుక్క బయటికొచ్చింది, తీరిగ్గా, కొండలు చూసుకుంటూ.